నాలుగో మూత

మొగిలప్ప దాన్ని ట్రాక్టరు ట్రాలీలో తెచ్చినాడు,
కింద చెరుకు ఆకు పరిచి, పైన గోనెపట్ట కప్పి,
ఈనలేని ఆవును ఆస్పత్రికి తెచ్చినట్టు.
"బెంగళూరాయన కొంటానంటాడన్నా.
ఏ దేశంలో పుట్టింది, ఏ సంవత్సరంలో పుట్టింది,
కాగితం మీద రాసియ్యాలంట."

ఇరాల పక్క గానిగ ఆడించి ఆడించి
పద్దెనిమిదేండ్లుగా పనిలేక పడుండే ఇంజను.
కారు ఎవరిదో, యాడ పడి చచ్చిందో
వాళ్ళ నాయనకూ తెలీదు.
గుండె మాత్రం కోసి తెచ్చి చెరుక్కు కట్టినారు.

గ్రీమ్స్‌పేట షెడ్డులో కిరసనాయిలు పోసి
ఇనుప బ్రష్షు పట్టుకున్నాను.
పైన పచ్చరంగు, కింద జేగురురంగు,
నడుమ పొరలు పొరలుగా
ఆయుధపూజల పసుపూ కుంకుమా.
పొరకొక ఏడని లెక్కపెట్టబోయి
పదకొండు దగ్గర తప్పిపోయినాను.
పేరుబిళ్ళ లేదు. ఉండిన చోట నాలుగు రివిట్ బొక్కలు,
కమ్మలు తాకట్టు పెట్టిన చెవుల మాదిరి.

మిల్లీమీటరు స్పానరు జారింది.
అంగుళాల స్పానరు పట్టినట్టే పట్టి గింజుకుంది.
ఇర్ఫాన్‌ను అటకెక్కించి
మా మామ కాలం నాటి విట్‌వర్త్ సెట్టు దింపించినాను.
తుప్పు తుడిచి పెడితే
తాళంలో తాళంచెవి మాదిరి కూర్చునింది.
"ఇంగ్లండురా" అన్నాను.
"అదే చెప్పిందా అన్నా?" అన్నాడు వాడు.

పక్కన పోతలో ఉబ్బెత్తుగా:
సి, పద్నాలుగు, ఏడు.
మార్చి నెల, పద్నాలుగో తేదీ, ఏడో ఏడు.
ఏ ఏడు? ఇరవై ఏడా, ముప్పై ఏడా, నలభై ఏడా?
పోత పోసినోడికి తెలుసు తానే పదేళ్ళలో ఉండాడో,
మనకోసం రాసింది కాదు గదా.

తలకాయ దించితే తలకాయ వేరే పుట్టుక.
పిస్టన్లు మద్రాసువి, నాలుగు ఒక రకం, రెండు ఇంకో రకం.
ఒక సిలిండరుకు స్లీవు.
ఎవరి వయసు రాయాల?

ఇంతలో చీమలొచ్చినాయి.
గడప దాటి, డ్రమ్ము చుట్టి, బారుగా
ఫ్లైవీలు గూట్లోకి.
లోపల ఏనాటిదో నల్లబడిన పాకం, పెచ్చులు పెచ్చులుగా.
ఇంగ్లండుతో వాటికి పనిలేదు.

తొట్టి దింపి, క్రాంకును మోసే మూతలు విప్పినాను.
షెల్లు బేరింగులు కావు,
తెల్లలోహం కరిగించి పోసి, చేత్తో గీకి సరిచేసినవి.
అప్పుడు ముప్పై ఏడు వైపు మొగ్గినాను.

మూతలు ఒకదాని చోట ఇంకొకటి పెడితే
క్రాంకు బిగిసిపోతుంది. అందుకే
మెకానిక్కనేవాడు గుర్తు కొడతాడు, చుక్కో గీతో.
ఇక్కడ చుక్కల్లేవు.
దీపం వంచి చూస్తే, ఉలితో చెక్కిన
౧.
నాకు అర్థం కాలేదు, దెబ్బ తగిలిందనుకున్నా.
మొగిలప్పే మోకాళ్ళ మీద వంగి అన్నాడు:
"మా అవ్వ భజన పుస్తకంలో పుటలకు ఇవే ఉంటాయన్నా.
౨. ౩. ఇదిగో, ౪."

ఎవరో ఒకడు.
ఇంగ్లీషు అంకెలు రానోడో, వచ్చినా ఇష్టం లేనోడో,
బెల్లం పొయ్యి మంటలోనే లోహం కరిగించుకొని,
రాత్రికి గానిగ తిరగాలని రైతు తొందరపెడుతుంటే
నాలుగు అంకెలు కొట్టినాడు.
నాలుగో దాని తోక కొంచెం పొడుగు.
ఉలి జారిందేమో.
పని ముగిసిందేమో.

కాగితం తీసినాను.
పోత ఇంగ్లండు, బహుశా ముప్పై ఏడు.
తల వేరే. పిస్టన్లు మద్రాసు.
అంకెల సంగతికొచ్చి పెన్ను ఎత్తితే
"అది రాస్తే ధర తగ్గుతుందేమో" అన్నాడు మొగిలప్ప.
కాసేపటికి, మూత మీద బొటనవేలు ఆడిస్తా,
"రాయన్నా, తగ్గితే తగ్గనీ" అన్నాడు.

ఇర్ఫాన్ మూతలు బిగిస్తా పైకి లెక్కబెట్టినాడు.
నాలుగో దాని దగ్గర ఆగి
గ్రీజు వేలితో షెడ్డు గోడ మీద
ఒకసారి రాసి చూసుకున్నాడు.
తోక పొడుగ్గానే వచ్చింది.